లోహాన్ని కోసే రెసిప్రొకేటింగ్ సా బ్లేడు: బెల్లంపల్లి బొగ్గు ప్రాంతంలో ఎంపిక, మన్నిక

రెసిప్రొకేటింగ్ సా అంటే ముందుకూ వెనక్కూ వేగంగా ఆడే బ్లేడుతో కోసే చేతి యంత్రం. బ్లేడు ఒక చివర యంత్రంలో బిగించి ఉంటుంది, రెండో చివర ఏ ఆధారమూ లేకుండా బయటకు చాచి ఉంటుంది. అమెరికాలోని మిల్వాకీ కంపెనీ 1951లో 'సాజాల్' పేరుతో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. యూరప్‌లో సేబర్ సా అంటారు. చేతి హాక్సాకు ఉండే ఫ్రేము దీనికి లేదు. అందుకే గోడవార పోయే పైపునూ, రెండు చానళ్ల మధ్య ఇరుక్కున్న బోల్టునూ, హాక్సా ఫ్రేము దూరని ప్రతి సందునూ ఇది అందుకుంటుంది. బ్లేడు త్వరగా పాడవడానికి కూడా ఆ ఫ్రేము లేకపోవడం ఒక కారణం. హాక్సా బ్లేడును రెండు వైపులా లాగి బిగిస్తాం కాబట్టి అది వంగదు. ఈ బ్లేడు తన బలం మీద తానే నిలబడాలి.

హాక్సాతో ఇంకో తేడా కూడా ఉంది. ఐటీఐలో ఫిట్టరుకు హాక్సా పళ్లు ముందుకు చూసేలా బిగించమని, నెట్టేటప్పుడు కోయమని నేర్పుతారు. రెసిప్రొకేటింగ్ సా బ్లేడు పళ్లు సాధారణంగా యంత్రం వైపు తిరిగి ఉంటాయి, కోత వెనక్కి లాగేటప్పుడు పడుతుంది. ఆ లాగుడుకు యంత్రం ముందున్న షూ పనిముక్కకు అదుముకుని నిలుస్తుంది. హాక్సా అలవాటుతో దీన్ని నెట్టేవాళ్లు బ్లేడును కోతకు కాక వంపుకు వాడుతున్నట్టే.

బెల్లంపల్లిలో కోయాల్సిన ఇనుము

బెల్లంపల్లి ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇల్లెందు వైపు బొగ్గు తీసింది. దాని వారసురాలిగా 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ వచ్చింది. 1920ల చివర్లో ఆ కంపెనీ గనులు బెల్లంపల్లి చుట్టుపక్కలకు చేరాయి. కాజీపేట, బల్లార్షా మధ్య రైలు మార్గం కూడా ఈ ఊరి మీదుగానే పోతుంది. బొగ్గు, రైలు కలిసి ఊరిని కట్టాయి. ఆ రెండింటి వల్ల ఇక్కడ ఇనుము ఎక్కువ, ఇనుము రకాలు అంతకన్నా ఎక్కువ.

బ్లేడు ఎంపికలో అసలు చిక్కు అక్కడే ఉంది. మామూలు పట్టణంలో ప్లంబరుకు ఎదురయ్యేది జీఐ పైపు, కడ్డీలు కట్టే పనివాళ్లకు ఎదురయ్యేది టీఎంటీ కడ్డీ. బొగ్గు పట్టణపు వర్క్‌షాపులో, పాత ఇనుప సామాన్ల కొట్టులో ఈ రెండింటితో పాటు మైల్డ్ స్టీలు యాంగిళ్లు, చానళ్లు, గనిలో టబ్బులు నడిచిన తేలిక పట్టాలు, హాలేజి రోపు ముక్కలు, 22 మిల్లీమీటర్ల రూఫ్ బోల్టులు, బొగ్గు లారీల కమాన్ పట్టీలు, క్రషర్ విడిభాగాలు కూడా ఒకే కుప్పలో కనిపిస్తాయి. తుప్పు పట్టాక అన్నీ ఒకే రంగు. చూపుకు ఒకటిగా ఉన్న వీటి గట్టితనంలో నాలుగు రెట్ల తేడా ఉంటుంది. నిర్మాణాల్లో వాడే మామూలు ఉక్కు, అంటే ఐఎస్ 2062లోని ఈ250 రకం, 410 మెగాపాస్కల్ తన్యతా బలంతో మొదలవుతుంది. భారతీయ రైల్వే 880 గ్రేడు పట్టా 880 మెగాపాస్కల్. గనుల్లో, క్రేన్లలో వాడే రోపుల తీగలు 1570 నుంచి 1960 మెగాపాస్కల్ దాకా ఉంటాయి. ఒకే బ్లేడుతో ఈ కుప్పనంతా కోసి, బ్లేడు బాగాలేదని దుకాణదారు మీద కేకలేస్తే లాభం లేదు.

కాబట్టి కొనే ముందు చేయాల్సిన పరీక్ష బ్లేడుకు కాదు, ఇనుముకు. తుప్పు గీకి, అంచు మీద ఆకురాయితో ఒక్కసారి రాయాలి. ఆకురాయి పట్టి రజను రాలితే, కింద వివరించిన బైమెటల్ బ్లేడు కోస్తుంది. కొద్దిగా పట్టి ఎక్కువగా జారితే బైమెటల్ బతుకు కొద్ది నిమిషాలే. గాజు మీద జారినట్టు జారితే అది విడియా (టంగ్‌స్టన్ కార్బైడ్) పళ్ల బ్లేడుకో, గ్రైండరుకో, గ్యాస్ కటింగ్‌కో వదిలేయాల్సిన పని. కమాన్ పట్టీ ఈ పరీక్షలో చాలాసార్లు జారుతుంది. క్రషర్ దవడలకు వాడే మాంగనీసు ఉక్కు వేరే రకం మోసం చేస్తుంది: మొదట మెత్తగానే ఉంటుంది, పన్ను రాసుకున్న కొద్దీ ఆ చోటే గట్టిపడుతుంది. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన ఈ ఉక్కులో మాంగనీసు 12 నుంచి 14 శాతం దాకా ఉంటుంది. దీని మీద ఏ రంపం బ్లేడునూ ఖర్చు చేయకపోవడం మంచిది.

గని లోపల వేరే లెక్క

భూగర్భ గనిలో ఈ యంత్రానికి చోటు లేదని ముందే చెప్పుకోవాలి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ తగిలితే చాలు పేలుతుంది. అందుకే భూగర్భ బొగ్గు గనుల్లో విద్యుత్ సామగ్రి విషయంలో ఫ్లేమ్‌ప్రూఫ్, ఇంట్రిన్సికల్లీ సేఫ్ ధ్రువీకరణల నిబంధనలు ఉంటాయి, అగ్గిపెట్టె కూడా నిషిద్ధ వస్తువే. మార్కెట్లో దొరికే రెసిప్రొకేటింగ్ సా మోటారులో బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు మామూలు విషయం. బ్యాటరీతో నడిచేది, బ్రష్షులు లేనిది కూడా ఆ ధ్రువీకరణ లేకుండా కిందికి పోకూడదు. దిగువన ఫిట్టరు చేతిలో ఇప్పటికీ హాక్సాయే కనిపించడానికి కారణం పాతబడిన అలవాటు కాదు. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఉపరితల వర్క్‌షాపులకూ, ఓపెన్‌కాస్టు షెడ్లకూ, ఊళ్లోని పనులకూ వర్తిస్తుంది.

ఉపరితలం మీద దీనికి పోటీ గ్యాస్ కటింగ్, యాంగిల్ గ్రైండర్. రెండూ దీనికన్నా వేగమైనవే. కానీ బొగ్గు పొడి పేరుకున్న చోట, డీజిలు మరకలున్న చోట, కన్వేయర్ బెల్టు పక్కన నిప్పురవ్వల వాన కురిపించడం ప్రమాదం. జింకు పూత ఉన్న పైపును గ్యాస్‌తో కోస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చినవాళ్లకు ఆ రాత్రి చలిజ్వరం రావచ్చు. రంపానికి ఈ రెండు గొడవలూ దాదాపు లేవు. కూలిన కట్టడాల కింద చిక్కుకున్నవాళ్లను బయటికి తీసే జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పరికరాల్లో ఈ రంపం కూడా ఉంటుంది.

పళ్ల లెక్క

బ్లేడు మీద టీపీఐ అని ఉండేది అంగుళానికి ఎన్ని పళ్లో చెబుతుంది. లోహానికి మామూలుగా 8 నుంచి 24 దాకా దొరుకుతాయి. అంగుళాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే రెండు పళ్ల మధ్య దూరం వస్తుంది: 24కు 1.06 మిల్లీమీటర్లు, 18కి 1.41, 14కు 1.81, 10కి 2.54. పాత సూత్రం ఒకటుంది. కోతలో ఏ క్షణంలోనైనా కనీసం మూడు పళ్లు లోహం మీద ఉండాలి. అంటే 24 టీపీఐ బ్లేడుకు దాదాపు 3.2 మిల్లీమీటర్ల మందం కావాలి, 18కి 4.2, 14కు 5.4, 10కి 7.6. మందం అంతకన్నా తక్కువైతే రెండు పళ్ల మధ్య సందులోకి లోహపు అంచు దిగి, తర్వాతి పన్నును వెనక నుంచి కొడుతుంది. పన్ను విరుగుతుంది. ఒకటి విరిగాక దాని పని పక్కదాని మీద పడుతుంది, అదీ విరుగుతుంది.

పైపు విషయంలో ఈ సూత్రాన్ని చాలామంది తప్పుగా వాడతారు. ఒక అంగుళం జీఐ పైపు బయటి వ్యాసం 33.7 మిల్లీమీటర్లు కదా, 14 పళ్ల బ్లేడు చాలు అనుకుంటారు. లెక్కించాల్సింది వ్యాసాన్ని కాదు, గోడ మందాన్ని. కోత మొదలైనప్పుడు బ్లేడు పైపు నెత్తిమీద వెడల్పుగా ఆనుతుంది, పళ్లు చాలా ఉంటాయి, అంతా సాఫీగా సాగుతుంది. సగం దాకా దిగాక బ్లేడు రెండు పక్కల గోడలను నిలువునా దాటుతుంది. అక్కడ ఒక్కో గోడ మీద ఉండే లోహం దాని మందం అంతే. బ్లేడు అరుస్తూ అదిరేది అక్కడే, పళ్లు రాలేదీ అక్కడే. ఐఎస్ 1239 ప్రకారం పసుపు పట్టీ ఉన్నది ఏ క్లాసు, నీలం బీ క్లాసు, ఎరుపు సీ క్లాసు. బీ క్లాసు అంగుళం పైపు గోడ 3.2 మిల్లీమీటర్లు, రెండంగుళాలది 3.6, నాలుగంగుళాలది 4.5. సీ క్లాసులో ఇవే వరుసగా 4.0, 4.5, 5.4. అంటే ఇళ్లకు వేసే నీలం పట్టీ పైపుకు 24 టీపీఐ, నాలుగంగుళాల నీలం పట్టీకి 18, నాలుగంగుళాల ఎర్ర పట్టీకి 14 సరిపోతాయి. అరంగుళం పైపు గోడ 2.6 మిల్లీమీటర్లే కాబట్టి అక్కడ 24 పళ్లు కూడా కొంచెం తక్కువే. మూడు గోడలకూ ఒకే బ్లేడు వాడాల్సి వస్తే సన్న పళ్లదే తీసుకోవాలి: నెమ్మదిగా కోస్తుంది కానీ పళ్లు రాల్చుకోదు.

నిండు కడ్డీకి దీనికి తలకిందులుగా ఆలోచించాలి. 22 మిల్లీమీటర్ల రూఫ్ బోల్టును 24 పళ్ల బ్లేడుతో కోస్తే ఒకేసారి ఇరవై దాకా పళ్లు లోహంలో ఉంటాయి. ఒత్తిడి అన్నిటికీ పంచుకుపోయి ఏ పన్నూ లోతుగా దిగదు, రజను సందుల్లోంచి బయటికి రాదు, బ్లేడు కోయడం మాని రాసుకోవడం మొదలెడుతుంది. దీనికి 10/14 అని రాసిన మిశ్రమ పళ్ల బ్లేడు నప్పుతుంది. పళ్ల మధ్య దూరం మారుతూ ఉండడం వల్ల అదురు ఒక లయలో పెరగదు. టీఎంటీ కడ్డీ విషయంలో ఇంకో మాట. దాన్ని వేడిగా ఉన్నప్పుడే నీటితో చల్లార్చి తయారు చేస్తారు కాబట్టి పైపొర గట్టిగా, నడిమి మెత్తగా ఉంటుంది. మొదటి రెండు మూడు మిల్లీమీటర్లలో పళ్లకు పడే దెబ్బే ఎక్కువ. అందువల్ల పక్కటెముకల మీద కాకుండా వాటి మధ్య సాపు చోట, నెమ్మదైన వేగంతో మొదలుపెట్టాలి.

రేకులకు ఈ యంత్రాన్ని వాడకూడదు. అర మిల్లీమీటరు కలర్ కోటెడ్ రేకు మీద మూడు పళ్ల సూత్రం పాటించే బ్లేడే లేదు. రేకుల కత్తెర ఉండగా దీన్ని తీయడం దండగ.

బ్లేడు దేనితో చేశారు

అన్నిటికన్నా చవకైనది కార్బన్ స్టీలు బ్లేడు. కర్రకు బాగుంటుంది, ఇనుము మీద ఒక కోతకే మొండిబారుతుంది. పూర్తిగా హైస్పీడ్ స్టీలుతో చేసినది వేడికి ఓర్చుతుంది కానీ పెళుసు. వంగితే విరుగుతుంది. హైస్పీడ్ స్టీలు చరిత్ర 1900 ప్రాంతాల అమెరికాలోని బెత్లెహెం ఉక్కు కర్మాగారంలో టేలర్, వైట్‌ల ప్రయోగాలతో మొదలైంది. ఎర్రగా కాగినా పదును వదలని ఉక్కు అప్పుడు పారిశ్రామిక ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది.

ఈ రెండింటి గుణాలనూ కలిపింది బైమెటల్. వంగగలిగే స్ప్రింగు ఉక్కు పట్టీ అంచుకు హైస్పీడ్ స్టీలు తీగను ఎలక్ట్రాన్ బీముతో అతికి, ఆ అంచులో పళ్లు కోస్తారు. వెనక భాగం వంగుతుంది, పన్ను పదును నిలుపుతుంది. పళ్లకు వాడే ఉక్కులో ఎం2 మామూలుది. ఎం42లో 8 శాతం కోబాల్టు ఉంటుంది, వేడి మీద ఇంకా గట్టిగా నిలుస్తుంది. ప్యాకెట్ మీద కోబాల్టు అని రాసి ఉంటే ఉద్దేశం ఇదే. మైల్డ్ స్టీలు, పైపులు, యాంగిళ్లు, కడ్డీలు కోసేవాళ్లకు ఇంతకు మించి అవసరం లేదు.

టంగ్‌స్టన్ కార్బైడ్ పళ్ల బ్లేడు, వర్క్‌షాపు భాషలో విడియా బ్లేడు, దాని తర్వాతి మెట్టు. జర్మనీలోని క్రుప్ కంపెనీ 1920ల రెండో సగంలో విడియా పేరుతో కార్బైడ్‌ను అమ్మకానికి పెట్టింది. మన లేతు పనివాళ్ల నోట ఇప్పటికీ ఆ పేరే ఉంది. పోత ఇనుము, స్టెయిన్‌లెస్ స్టీలు, పట్టా ముక్కలు, గట్టి బోల్టులు దీని పని. పళ్లు పెద్దవి, సాధారణంగా అంగుళానికి 8. అంటే మందపు లోహానికే. మూడు మిల్లీమీటర్ల గోడ ఉన్న పైపు మీద విడియా బ్లేడు వాడితే అది బైమెటల్ కన్నా ముందే పోతుంది, ఎందుకంటే కార్బైడ్ పెళుసు, దెబ్బకు తునకలవుతుంది. ఖరీదైనదల్లా మన్నుతుందన్న నమ్మకం ఇక్కడ చెల్లదు.

బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పూత గురించి ఒక వాక్యం చాలు. పూత మందం కొన్ని మైక్రాన్లే, పన్ను కొన వాడకం మొదట్లోనే దాన్ని పోగొట్టుకుంటుంది, పక్కల మాత్రం రాపిడి కొంత తగ్గుతుంది.

బ్లేడును చంపేది వేడి

మన్నిక గురించి ప్రకటనలు ఎంత చెప్పినా, పదును పోవడానికి ప్రధాన కారణం వేడి. వేడి పుట్టేది వేగం వల్ల. ఒక మామూలు యంత్రం స్ట్రోకు 28 మిల్లీమీటర్లు, గరిష్ఠ వేగం నిమిషానికి 2800 స్ట్రోకులు అనుకుందాం. ప్రతి స్ట్రోకులో పన్ను ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ పోతుంది, అంటే నిమిషానికి 157 మీటర్లు. బ్యాండ్ సా మీద బైమెటల్ బ్లేడును మైల్డ్ స్టీలుకు నిమిషానికి 60 నుంచి 80 మీటర్ల వేగంతో నడుపుతారు, అది కూడా కూలెంటు పారుతుండగా. ట్రిగ్గరు పూర్తిగా నొక్కి పొడి ఇనుము కోసేవాడు దానికి రెట్టింపు వేగంతో, తడి లేకుండా కోస్తున్నాడు. 1200 స్ట్రోకులకు దించితే వేగం 67 మీటర్లకు వస్తుంది. వేగం తగ్గించి ఒత్తిడి పెంచితే కోతకు పట్టే సమయం అంతగా పెరగదు. కొన్నిసార్లు తగ్గుతుంది కూడా. స్టెయిన్‌లెస్‌కు ఇంకా దించాలి, కానీ ఒత్తిడి సడలకూడదు: పన్ను కోయకుండా రాసుకుంటే ఆ చోటు గట్టిపడి తర్వాతి పన్నును తినేస్తుంది.

రజనును చూస్తే బ్లేడు ఎలా ఉందో తెలుస్తుంది. చిన్న చుట్టలుగా వెండిరంగులో రాలితే కోత బాగున్నట్టు. పొడిగా మారితే పదును పోయినట్టు. బ్లేడు అంచు నీలంగా మారితే పళ్లు అయిపోయినట్టే, ఇక నొక్కితే విరుగుడే మిగిలింది. కోత మీద ఒకటి రెండు చుక్కల కటింగ్ ఆయిలు వేస్తే మన్నిక బాగా పెరుగుతుంది. లేతు దగ్గర వాడే తెల్లటి కూలెంటు కూడా పనికొస్తుంది, కానీ కరెంటు యంత్రం మీద నీళ్లు చిమ్మడం మాత్రం వద్దు. ఆర్బిటల్ అనే మీట ఉన్న యంత్రమైతే లోహానికి దాన్ని ఆపేయాలి. అది బ్లేడును గుండ్రంగా ఊపి కర్రను వేగంగా కోయడానికి పెట్టినది, లోహం మీద పళ్లను గుద్దిస్తుంది.

పొడవు, మందం

బ్లేడు పొడవు ఎంత ఉన్నా కోతలో వాడే భాగం పనిముక్క వెడల్పుకు స్ట్రోకు కలిపినంతే. 33.7 మిల్లీమీటర్ల పైపుకు 28 కలిపితే 62. అంటే 225 మిల్లీమీటర్ల బ్లేడు కొన్నవాడు షూ దగ్గరి 62 మిల్లీమీటర్లు అరగదీసి, మిగతా అంతా కొత్తగా ఉండగానే పారేస్తాడు. షూను ముందుకు జరిపే వీలున్న యంత్రమైతే, పళ్లు మొండిబారగానే షూ జరిపితే కొత్త పళ్లు కోతలోకి వస్తాయి. ఇంత సులువైన ఆదా వేరే లేదు, వాడేవాళ్లు మాత్రం తక్కువ. మరోవైపు బ్లేడు మరీ పొట్టిదైతే వెనక్కి పోయేటప్పుడు కొన పైపు లోపలికి జారి, ముందుకు వచ్చేటప్పుడు గోడకు పొడుచుకుని వంగుతుంది. వెడల్పు, స్ట్రోకు, షూ దగ్గరి ఖాళీ కలిపి చూసుకుంటే అంగుళం పైపుకు 150 మిల్లీమీటర్ల బ్లేడు సరైన కొలత.

మందంలో 0.9 మిల్లీమీటర్లది గోడవారగా వంచి కోయడానికి, 1.3ది నిటారు కోతకు, 1.6ది పాత కట్టడాలు విప్పే మొరటు పనికి. వెడల్పు 19 మిల్లీమీటర్లు మామూలు, 25 గట్టిది. బాష్ బ్లేడ్ల మీద ఉండే సంకేతాలు ఇదే చెబుతాయి: ఎస్ 922 బీఎఫ్ అంటే 150 మిల్లీమీటర్ల, 0.9 మందపు, 14 పళ్ల బైమెటల్. ఈఎఫ్ ఉంటే 18, ఏఎఫ్ ఉంటే 24. ఎస్ 1122తో మొదలైతే 225 మిల్లీమీటర్లు. బిగించే తోక చాలా కంపెనీలవి ఒకే అర అంగుళం రకం కాబట్టి ఒకరి యంత్రంలో ఇంకొకరి బ్లేడు పడుతుంది. బ్లేడును కంపెనీని చూసి కాక పళ్లను చూసి కొనే స్వేచ్ఛ అందువల్లే ఉంది.

ప్యాకెట్ మీద పది రెట్లు, ఇరవై రెట్లు మన్నిక అని ఉంటే, దేనికన్నా, ఏ లోహం మీద అన్నది చిన్న అక్షరాల్లో వెతకాలి. చాలాసార్లు పోలిక అదే కంపెనీ చవక బ్లేడుతో ఉంటుంది. కొనుగోలులో చూడాల్సింది బ్లేడు ధర కాదు, ఒక్కో కోతకు పడే ధర. నాలుగు రెట్ల ధర పెట్టిన విడియా బ్లేడు గట్టి బోల్టుల మీద పది రెట్లు కోస్తే లాభం. అదే బ్లేడు పలుచని యాంగిల్ మీద రెండో కోతకే పళ్లు రాలిస్తే నష్టం.

రోపు కోత గురించి ఒక మాట. తీగలు గట్టివన్నది ఒక ఇబ్బంది. కోతలో పేట్లు విడిపోయి పళ్లకు చుట్టుకోవడం ఇంకో ఇబ్బంది. కోసే గీతకు రెండు వైపులా మెత్తటి తీగతో గట్టిగా చుట్టి కట్టాలి, అప్పుడే పేట్లు విప్పుకోవు. అలా కట్టినా బైమెటల్ బ్లేడు ఎక్కువ కోతలు ఇవ్వదు. రోపు కట్టరు ఉన్నచోట దాన్నే వాడాలి.

ఇక పాడైన బ్లేడ్ల సంగతి. మోటారుతో నడిచే పవర్ హాక్సా బ్లేడును కొలిమివాళ్లు కొని కత్తులు చేస్తారు, పూర్తి హైస్పీడ్ స్టీలు అయితే పదును బాగా నిలుస్తుంది. బైమెటల్ రెసిప్రొకేటింగ్ బ్లేడు ఆ పనికి రాదు: పదునుండే ఉక్కు పళ్ల అంచులో సన్నని పట్టీగానే ఉంటుంది, కత్తికి సానపెట్టేసరికి అది అరిగిపోయి మెత్తటి స్ప్రింగు ఉక్కు మిగులుతుంది. విడియా పళ్లు మాత్రం వేరుగా తీసి దాచుకుంటే టంగ్‌స్టన్ తుక్కు కొనేవాళ్లు మామూలు ఇనుము కన్నా ఎన్నో రెట్ల ధర ఇస్తారు.